రోము మూలధనం



చరిత్ర మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ఉద్యోగమంతా జమాఖర్చుల మధ్యనే గడిపినవాణ్ణి గనుక, రోము చరిత్ర చదివినా నా చూపు కత్తుల మీద కంటే లెక్కల మీదకే పోతుంది. ఓపిక పట్టండి.

రోము అనగానే మనకు సీజరు గుర్తుకొస్తాడు. ఆయన పుట్టేనాటికే రోము మధ్యధరా ప్రాంతంలో ఎదురులేని శక్తి. అసలు కథ అంతకు ముందుది. క్రీ.పూ. 509లో రాజును వెళ్ళగొట్టి గణతంత్రం పెట్టుకున్నారని వారి సంప్రదాయం. అప్పటికి అది టైబర్ నది ఒడ్డున ఒక మామూలు పట్టణం. కూతవేటు దూరంలోని వేయీ నగరాన్ని గెలవడానికి 396 దాకా పట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే గాల్ జాతివారు వచ్చి రోమునే దోచుకుపోయారు. అటువంటి ఊరు 264 నాటికి ఇటలీ ద్వీపకల్పానికంతకూ పెత్తందారు ఎలా అయింది?

నా మటుకు నాకు మలుపు క్రీ.పూ. 338లో కనిపిస్తుంది. తిరగబడ్డ లాటిన్ పట్టణాలను రోము ఓడించింది. అందరినీ ఒకే గాటన కట్టకుండా, ఏ ఊరికి ఆ ఊరుగా తీర్పు చెప్పింది. కొందరికి పూర్తి పౌరసత్వం, కొందరికి ఓటు లేని పౌరసత్వం, మరికొందరికి మిత్రులన్న పేరు. మిత్రులు కప్పం కట్టనక్కరలేదు. వారి ఊరి పాలన వారిదే. యుద్ధం వస్తే మాత్రం మనుషులను పంపాలి, వారి జీతాలు ఆ ఊరే భరించాలి! దీన్ని ఔదార్యమన్నవారున్నారు. నేను గడుసుతనమే ఎక్కువంటాను. ఏమైనా, నిన్న ఓడినవాడు నేడు పక్కన నిలబడి యుద్ధం చేసి, కొల్లగొట్టిన సొమ్ములో వాటా పుచ్చుకున్నాడు. 225 నాటి చిట్టా ఒకటి పాలిబియస్ ఇచ్చాడు: ఆయుధం పట్టగలవారు, మిత్రులతో కలిపి, కాల్బలం 7 లక్షలకు పైన, గుర్రపు రౌతులు 70,000. రోము మూలధనం అదీ.

ఆ మూలధనానికి పరీక్ష పెట్టినవాడు కార్తేజి సేనాని హానిబాల్. 216లో కానే దగ్గర ఒక్కరోజులో రోము పక్షాన సుమారు 50,000 మంది చచ్చారని లివీ లెక్క. హానిబాల్ తెలివైనవాడు. పట్టుబడ్డ మిత్రపట్టణాల సైనికులను డబ్బు అడగకుండానే వదిలేశాడు, నా పగ రోముతోనే అన్నాడు. కాపువా మొదలైన దక్షిణాది పట్టణాలు కొన్ని అటు దూకాయి. మధ్య ఇటలీ మాత్రం కదలలేదు. 209లో 30 లాటిన్ వలస పట్టణాల్లో 12, మా దగ్గర ఇక మనుషులూ లేరు, డబ్బూ లేదని చేతులెత్తేశాయి. తక్కిన 18 నిలబడ్డాయి. హానిబాల్ ఒక సైన్యాన్ని తుడిచిపెడితే రోము మరొకటి తెచ్చేది. 202లో జామా దగ్గర ఆయన ఓడాడు, మరుసటి ఏడు కార్తేజి సంధికి దిగింది. ఆ తర్వాత గ్రీసు, స్పెయిన్ సంగతులు మీకు తెలిసినవే.

ఇక మన సంఘానికి దగ్గర విషయం. ఇంతమందిని వాడుకున్న గణతంత్రం, కొలువు ముగిసినవాడికి ఇంత అని ఖాయంగా రాసిపెట్టలేదు. పొలం దొరికితే సేనాని దయ. దాంతో సైనికుడు ప్రభుత్వాన్ని వదిలి సేనాని మొహం చూడసాగాడు. మేరియస్, సుల్లా, సీజరుల కాలంలో గణతంత్రం కూలడానికి ఇదొక పెద్ద కారణం. చివరకు క్రీ.శ. 6లో ఆగస్టస్ చక్రవర్తి సైనికుల కోసం వేరే ఖజానా తెరిచాడు. సొంతంగా 17 కోట్ల సెస్టర్సులు వేసి, వారసత్వపు ఆస్తి మీద నూటికి 5 పన్ను పెట్టాడు. 20 ఏళ్ళ కొలువుకు 12,000 సెస్టర్సులు ముట్టాలి.

కాగితం మీద బాగానే ఉంది. క్రీ.శ. 14లో ఆయన పోగానే రైన్ సరిహద్దు పటాలాలు తిరగబడ్డాయి. 30 ఏళ్ళు దాటినా విడుదల లేనివారు వారిలో ఉన్నారు. నచ్చజెప్పడానికి సేనాని జెర్మానికస్ వచ్చాడు. కొందరు ముసలి సైనికులు ముద్దు పెట్టుకునేవారిలా ఆయన చేయి అందుకుని, ఆ వేళ్ళను తమ బోసినోళ్ళలో పెట్టుకున్నారట, పళ్ళు లేవని తెలియడానికి. టాసిటస్ రాశాడు ఈ సంగతి.