నలుగురి చేయీ పడే పళ్ళెం
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎలమంచిలిలో కూర్చుని ఇటలీ వారి తిండి గురించి మాట్లాడతానంటే కార్యదర్శి గారు నవ్వారు. "డి.ఏ. బకాయిల గురించి మాట్లాడరాదా మాస్టారూ?" అన్నారు. బకాయిల గురించి చెప్పేవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆకలి గురించి నాలుగు మాటలు చెబుతాను.

విదేశాలలోని పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చినవారు ఈ పళ్ళెం చూసే ఉంటారు. భోజనానికి ముందు ఒక చెక్క పలక తెచ్చి మధ్యలో పెడతారు. దాని మీద పల్చగా కోసిన ఉప్పు మాంసం, రకరకాల చీజు, ఆలివ్ కాయలు, ద్రాక్షపళ్ళు, రొట్టె ముక్కలు ఉంటాయి. ఇటలీలో భోజనానికి ముందు తినే ఇలాంటి వాటిని 'అంతిపాస్తో' అంటారు. 'భోజనానికి ముందుది' అని దాని అర్థం.

ఇందులో మనకు తెలియని విద్యేమీ లేదు. పార్మా ప్రాంతంలో పంది తొడకు ఉప్పు పట్టించి, ఏడాదికి పైగా ఆరబెట్టి 'ప్రోషుట్టో' చేస్తారు. ఉప్పు నీటిని లాగేస్తుంది. నీరు తగ్గితే కుళ్ళు పుట్టించే క్రిములు పెరగలేవు. మన పూడిమడక తీరంలో చేపను చీల్చి ఉప్పు పెట్టి ఎండబెట్టేదీ, మన ఇళ్ళలో ఆవకాయ నిలవ పెట్టేదీ ఈ సూత్రం మీదనే. సలామీ అనే మాట కూడా ఉప్పు నుంచి పుట్టిందే. పాలను నిలవచేసే ఉపాయం చీజు. పార్మిజానో చీజు కిలో తయారు కావాలంటే సుమారు 14 లీటర్ల పాలు కావాలి. దానిని కనీసం 12 నెలలు మాగబెడతారు.

అయితే మన వయసువారికి మూడు జాగ్రత్తలు అవసరం. రోజుకు ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. నిలవ మాంసం క్యాన్సర్ కారకమని ఆ సంస్థకు చెందిన పరిశోధన విభాగమే 2015లో ప్రకటించింది. వండని నిలవ మాంసం, మెత్తని చీజులలో కొన్ని రకాల వల్ల వృద్ధులకు లిస్టీరియా అనే క్రిమి సోకే ప్రమాదముంది. శాకాహారులకు మరో మాట: అసలు పార్మిజానోలో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన పదార్థం వాడతారు. అడిగి తెలుసుకుని తినండి.

మరి ఆ పళ్ళెంలో మనం నేర్చుకోవలసినదేమిటి? నలుగురూ దాని చుట్టూ కూర్చోవడం. ఉద్యోగం రోజుల్లో మధ్యాహ్నం క్యారేజీలు విప్పితే ఒకరి పచ్చడి మరొకరి అన్నంలో పడేది. రిటైరైన నాటి నుంచి ఆ బల్ల లేదు. భార్య పోయిన మిత్రుడొకాయన "ఒక్కడికి వంటేమిటి?" అని రెండు పూటలా మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటూ చిక్కిపోయారు. జబ్బేమీ లేదని డాక్టరు గారు చెప్పారు. ఒక ఆదివారం ఆయన్ని మా ఇంటికి పిలిచాం. మా ఆవిడ ఒక పళ్ళెంలో జున్ను ముక్కలు, ఉడికించిన సెనగలు, కీరదోస, జామ ముక్కలు, రెండే రెండు చల్ల మిరపకాయలు పెట్టి మధ్యలో ఉంచింది. కబుర్లలో పడి ఆయన ఎంత తిన్నారో ఆయనకే తెలియదు. తరువాత అన్నం మారు వడ్డించుకున్నారు.

కనుక నా ప్రతిపాదన ఒక్కటే. పింఛను పడిన వారంలో జరిగే నెలవారీ సమావేశానికి ఇంటికొక పదార్థం తెద్దాం. శాకాహారానికి ఒక పళ్ళెం, మాంసాహారానికి వేరొక పళ్ళెం. ఎంగిలి పట్టింపు లేకుండా ప్రతి పళ్ళెంలో ఒక గరిటె ఉంచుదాం. ఉప్పు సరుకు నామమాత్రం, పళ్ళూ కాయలూ ఎక్కువ. ఒంటరిగా ఉన్న సభ్యులను ఎవరో ఒకరు వెంటబెట్టుకుని రావాలి. ఆయన ఏమీ తేనక్కరలేదు, వస్తే చాలు.