సింహం పాట ఎవరిది?

పిల్లల వినోదంతో వ్యాపారం చేసే కంపెనీకి మొదట కావలసిన ముడిసరుకు కథ. అది చాలాసార్లు ఊరికే దొరుకుతుంది. వాల్ట్ డిస్నీ సంస్థ 1937లో తీసిన ‘స్నో వైట్’ జర్మనీలో గ్రిమ్ సోదరులు సేకరించిన జానపద కథ. 1950 నాటి ‘సిండరెల్లా’ ఫ్రెంచి రచయిత పెరో చెప్పిన కథ. వీటికి ఎవరికీ పైసా చెల్లించనక్కర్లేదు. అందులో తప్పూ లేదు, కథలు చేతులు మారుతూనే బతుకుతాయి. చిక్కంతా ఆ తర్వాతే. అందరి కథ ఒకసారి తెరకెక్కిందంటే అందులోని బొమ్మ, గౌను, పాట ఒకరి సొత్తు అయిపోతాయి.

మిక్కీ మౌస్ కనిపించిన డిస్నీ కార్టూన్ ‘స్టీంబోట్ విల్లీ’ 1928లో వచ్చింది. పాత లెక్కన దాని కాపీరైట్ 2003తో తీరిపోవాలి. 1998లో అమెరికా కాంగ్రెస్ ఆ గడువును మరో 20 ఏళ్లు పొడిగించింది. పొడిగింపు కోసం గట్టిగా ప్రయత్నించిన కంపెనీల్లో డిస్నీ ఒకటి కాబట్టి, విమర్శకులు దాన్ని మిక్కీ మౌస్ చట్టమని ఎగతాళి చేశారు. ఆ తొలి మిక్కీ అందరిదీ అయింది 2024 జనవరి 1న. గ్రిమ్ సోదరుల పెరట్లో కాయలు ఉచితంగా కోసుకున్నవారు తమ ఎలుకను మాత్రం 95 ఏళ్లు బోను దాటనివ్వలేదు.

ఊరికే తెచ్చుకున్నది ఎప్పుడూ పాత కథే అయి ఉండదు. 1939లో జొహాన్నెస్‌బర్గ్‌లోని గాలో స్టూడియోలో సాలమన్ లిండా అనే జులూ గాయకుడు తన బృందంతో ‘ఎంబూబే’ అనే పాట రికార్డు చేశాడు. ఆ మాటకు సింహమని అర్థం. పాట చివర్లో ఆయన అప్పటికప్పుడు అల్లిన రాగమే తర్వాత ప్రపంచమంతా తిరిగింది. దాని మీద హక్కులకు ఆయనకు ముట్టింది 10 షిల్లింగులని చెబుతారు. అమెరికా గాయకులు పల్లవిని సరిగా వినలేక ‘వీమోవే’ అని పాడారు. 1961లో ఇంగ్లీషు మాటలు చేర్చిన రూపం పెద్ద హిట్టయింది. మరుసటి ఏడాది లిండా పేదవాడిగానే కన్నుమూశాడు. 1994లో డిస్నీ ‘లయన్ కింగ్’ వచ్చింది, అందులోనూ ఆ రాగం ఉంది.

2004లో లిండా వారసుల తరఫున దక్షిణాఫ్రికాలో డిస్నీ మీద దావా పడింది. విదేశీ కంపెనీని అక్కడి కోర్టు పరిధిలోకి తేవడానికి న్యాయవాదులు వేసిన ఎత్తు చిత్రమైనది. ఆ దేశంలో డిస్నీకి ఉన్న ట్రేడ్‌మార్కులను, మిక్కీ మౌస్, డోనాల్డ్ డక్‌లతో సహా, జప్తు చేయించారు. పాట వాడుకునే అనుమతి దాని హక్కుదారుల దగ్గర సక్రమంగానే తీసుకున్నామని డిస్నీ వాదించింది. కాగితాల ప్రకారం అది నిజం కావచ్చు. ఆ కాగితాలు ఎలా పుట్టాయన్నదే అసలు ప్రశ్న. 2006లో రాజీ కుదిరి, వారసులకు కొంత సొమ్ము అందింది. 2019లో ‘లయన్ కింగ్’ మళ్లీ వచ్చినప్పుడు తెలుగులో ఆ పాట పాడే హాస్యపాత్రల్లో టిమోన్‌కు అలీ, పుంబాకు బ్రహ్మానందం గొంతులిచ్చారు. హాలు నవ్వులతో నిండింది. లిండా పేరు ఎందరు పిల్లలకు తెలుసు?

అదే ఏడాది వచ్చిన ‘ఫ్రోజెన్ 2’ విషయంలో పద్ధతి మారింది. మొదటి భాగం ఉత్తర ఐరోపాలోని సామీ ప్రజల సంస్కృతిని వాడుకుందన్న విమర్శ వచ్చాక, ఈసారి కంపెనీ సామీ పార్లమెంట్లతో లిఖితంగా ఒప్పందం చేసుకుంది. వారి సలహా తీసుకుని, సినిమాను ఉత్తర సామీ భాషలోనూ విడుదల చేసింది. అడిగి తీసుకోవడం అసాధ్యమేమీ కాదని అది రుజువు చేసింది.

కథ తర్వాత సరుకు. 2000 ప్రాంతంలో డిస్నీ అధికారి ఒకరు మంచు మీద జరిగే ప్రదర్శనకు వెళ్తే, వరుసలో నిలబడ్డ ఆడపిల్లలు ఇంట్లో కుట్టిన రాకుమారి గౌన్లలో కనిపించారట. దాంతో ఆయనకు వ్యాపారం తట్టింది. వేర్వేరు కథల రాకుమార్తెలను కలిపి ‘డిస్నీ ప్రిన్సెస్’ పేరుతో అమ్మకానికి పెట్టారు. అమ్మ కుట్టిన గౌను అలా నకిలీ అయిపోయింది. హైదరాబాద్‌లోని గ్రీన్ గోల్డ్ సంస్థ 2008లో టీవీకెక్కించిన ఛోటా భీమ్‌ది కూడా ఇదే దారి. మహాభారతంలో భీముడు ఎవరి సొత్తూ కాడు. లడ్డూ తినగానే బలం పుంజుకునే నారింజ రంగు ధోతీ కుర్రాడు మాత్రం కంపెనీవాడు. జూన్‌లో బడులు తెరిచే ముందు బ్యాగుల కొట్లో నిలబడితే సంగతి అర్థమవుతుంది. జిప్పు గట్టిదా, కుట్టు మంచిదా అని తల్లి చూస్తుంది. బిడ్డ చూసేది బొమ్మ ఒక్కటే.

ఇప్పుడు బొమ్మ కూడా బిడ్డను చూస్తోంది. యూట్యూబ్‌లో కొన్ని వీడియోలకు పిల్లలవన్న గుర్తు పెట్టకపోవడంతో, 13 ఏళ్లలోపువారి వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా ప్రకటనలకు వాడారన్న అభియోగం డిస్నీ మీద వచ్చింది. 2025 సెప్టెంబరులో కోటి డాలర్లు చెల్లించడానికి కంపెనీ ఒప్పుకుంది. భారతదేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపువారందరినీ పిల్లలుగా లెక్కిస్తుంది. వారిని గురిపెట్టి ప్రకటనలు చూపకూడదంటుంది. అయితే అమ్మ ఫోనులో, అమ్మ ఖాతాతో కార్టూన్లు చూసే నాలుగేళ్ల పిల్లవాడు కంపెనీ లెక్కలో ముప్పై ఏళ్ల మనిషి. ఫోను ఇవ్వక తప్పని ఇళ్లలో పిల్లలకు వేరే ఖాతా తెరిచి ఇవ్వాలి, అందులో వారి పుట్టిన సంవత్సరం నిజమైనదే వేయాలి.