పెద్దల బట్ట – పెద్దల మర్యాద
(షోలాపూరు తెలుగువారి ఉగాది సభలో చదివిన ప్రసంగము)



మేము వైద్యులము కాము. రైల్వే ఆఫీసులో కాగితాలు వ్రాసుకొనే గుమాస్తాలము. మా చదువు మెట్రిక్యులేషన్‌తో సరి. అయినా మా యింటి అనుభవము మీ యిండ్లలో ఒకరికైనా అక్కరకు వస్తుందని నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

1877లో మొదటి నూలుమిల్లు వెలసిన యీ ఊరికి మనలో ఎందరి తాతలో బట్ట నేయడానికే వచ్చారు. మా నాయనమ్మ చేతులు పసితనము నుండి కండెలు చుట్టిన చేతులు. అటువంటి ఆమెకు డెబ్బై ఎనిమిదో యేట మతి తప్పసాగినది. మొదట పొయ్యిమీది పాలు మరచినది. పోనుపోను మా పేర్లు మరచినది. డాక్టరుగారు చూచి, ఇది వయసుతో వచ్చే మామూలు మరపు కాదు, డిమెన్షియా అనే మెదడు జబ్బు అన్నారు. 2023లో వెలువడిన ఒక అధ్యయనము ప్రకారము మన దేశములో అరవై దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి యీ జబ్బు ఉన్నది. కావున ఇది ఒక్క యింటి మాట కాదు.

గోచీ పెట్టి తొమ్మిది గజాల చీర కట్టిన మనిషి ఆమె. కుచ్చెళ్ళు కాళ్ళకు తగిలి పడుతుందని మేము నైటీ తొడిగాము. అందులో మా సౌకర్యమూ లేకపోలేదు. ఉగాదినాడు చుట్టాలు వచ్చారు. ఆమె మంచముమీది దుప్పటి లాగి తలమీద కొంగులాగా కప్పుకొని, "ఈ లంగాతో నలుగురిలోకి ఎట్లా వస్తానురా?" అని మూలన కూర్చున్నది. పచ్చడి కూడా ముట్టలేదు. మతి పోయినదనుకున్నాము గాని, మానము ఎక్కడికీ పోలేదు. ఆనాడు తల దించుకొన్నది మేమే.

తరువాత డాక్టరుగారు చెప్పగా తెలిసినది. క్రొత్త సంగతులు ముందు జారిపోతాయి. జన్మమంతా చేతులు చేసిన పనులు చాలాకాలము నిలుస్తాయి. కాని బట్ట కట్టుకోవడములో మెట్లు అనేకము. ఆ వరుస తప్పితే చీరపైన రవిక తొడగబోతారు. కసరితే బెదరిపోతారు. కావున బట్టలు వరుసగా పేర్చి, ఒక్కొక్కటి చేతికిచ్చి, ఒక్కొక్క మాటే చెప్పాలి. పది చీరలు చూపక రెండే చూపి, ఏది కావాలో అడగాలి. రోజూ ఒకటే కావాలంటే అటువంటిదే మరొకటి కొని, ఒకటి ఉతికినప్పుడు ఒకటి ఇవ్వాలి. వద్దని మొండికేస్తే బలవంతము చేయక, కొంతసేపు ఆగి మరల అడగాలి.

మేము దర్జీచేత ఆరు గజాల నూలు చీరకు కుచ్చెళ్ళు ముందే కుట్టించి, నడుముకు నాడా పెట్టించి, అంచు చీలమండకు పైనే ఉండేటట్లు చేయించాము. రవికకు ముందువైపు హుక్కులు. నాయనమ్మ అంచు రెండు వ్రేళ్ళ మధ్య నలిపి చూచి "నూలే" అన్నది. ఎన్నో నెలల తరువాత ఆమె ముఖాన నవ్వు చూచాము.

ఇంగ్లండులో క్రిస్టీనా బ్యూస్, జూలియా ట్విగ్ అనే పరిశోధకులు ఇటువంటి స్త్రీల చేతిసంచులను గురించి 2014లో వ్రాశారు. మతి తప్పినా ఆ సంచి తమ యింటిని, తమ పూర్వజీవితాన్ని వెంట ఉంచుకోవడమేనట. అది తెలిసి, మాసినదని మేము దాచివేసిన నాయనమ్మ వక్కల సంచిని, పాత తాళపుచెవితో సహా ఆమె రొంటికి చేర్చాము. రాత్రి వెదకులాట తగ్గినది.

2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము కూడా, మానసిక వైద్యాలయములో ఉన్నవారికి తమ సొంత బట్టలు కట్టుకొనే హక్కు ఇచ్చినది. చట్టము ఆస్పత్రికి చెప్పిన మర్యాదను మనము ఇంట్లో మరువవచ్చునా?

ఇంకొక్క మాట. ఈ సేవ అంతా ఇంటి ఆడవారిమీదనే పడుతున్నది. మా యింట్లో అమ్మ నడుము వంగిపోయిన తరువాత గాని మేము చేయి వేయలేదు. సోదరులారా, మీరు అంత ఆలస్యము చేయకండి.

ఈ పండుగకు పిల్లలకు క్రొత్తబట్టలు తెచ్చాము. మన పొరుగు మరాఠీవారు గుడికి క్రొత్త వస్త్రము కట్టారు. ఇంట్లో మరచిపోయే పెద్దలుంటే, వారికి అలవాటైన బట్టనే, వారికి నచ్చిన రంగులోనే తెచ్చి కట్టండి. మన పేరు వారికి గుర్తుండకపోవచ్చు. వారి మర్యాద మనకు గుర్తుంటే చాలు.

సెలవు.