అన్నవాహికలోని యరుదైన క్యాన్సరులు

మ్రింగుట మనము తలపకయే చేయు పని. ముద్ద గొంతు దాటిన పిదప దానిని కడుపునకు జేర్చు భారము అన్నవాహికది. అది సుమారు 25 సెంటీమీటర్ల పొడవుగల మెత్తని కండరపు గొట్టము. అందు బుట్టు క్యాన్సరులను గూర్చి, ముఖ్యముగ నరుదైనవానిని గూర్చి, నేడు నాలుగు మాటలు మనవి చేసెదను.

నేను శంషాబాదులో వైద్యము చేయుచున్నాను. కొంతకాలము క్రిందట సమీపగ్రామమునుండి యొక వృద్ధరైతు నాయొద్దకు వచ్చెను. మొదట జొన్నరొట్టె దిగలేదట, నీళ్లతో మ్రింగెను. పిదప అన్నము దిగలేదు. చారులో పిసికి మ్రింగెను. నాలుగు నెలలకు గంజియే మిగిలెను. "ముసలితనానికి గొంతు సన్నబడ్డదనుకున్న, సారూ" అనెను. ముసలితనము గొంతును మూయదు. అన్నవాహిక సాగుగుణము గలది గావున, చాలవఱకు మూసికొనువఱకు బాధ తెలియనీయదు. మొదట గట్టిది, పిదప మెత్తనిది, తుదకు నీరు, ఈ వరుసలో మ్రింగుట కష్టమగుచు మనిషి చిక్కిపోవుచుండినచో, లోపల నేదియో పెరుగుచున్నదని యనుమానింపవలెను.

2008 మార్చిలో మా యూరియొద్ద విమానాశ్రయము తెఱవబడెను. అచ్చట ప్రయాణికుల సంచులను ఎక్సురే యంత్రముగుండ బంపుదురు. యంత్రము వస్తువు ఆకారమును చూపును. అనుమానము గలిగిన సంచి విప్పి చూడవలసినదే. రోగవిషయమునను అంతియే. బేరియము ద్రావించి తీసిన ఎక్సురేయు, సి.టి. చిత్రమును ఆకారమును దెలుపును. ఎండోస్కోపు అను సన్నని గొట్టమును నోటిద్వారా దింపి, లోపల జూచి, చిన్నముక్కను దీసి సూక్ష్మదర్శినిలో పరీక్షించిననే నిజము తేలును. దీనినే బయాప్సీ యందురు.

మన దేశమున అన్నవాహిక క్యాన్సరులలో నెక్కువభాగము లోపలిపొరయందలి పొలుసుకణములనుండి పుట్టును. పొగాకును, సారాయియు దానికి ముఖ్యకారణములు. రెండవది గ్రంథికణములనుండి పుట్టునది. కడుపులోని యామ్లము దీర్ఘకాలము పైకి దన్నుటయు, స్థూలకాయమును దానికి దోహదము చేయును. ఈ రెంటిలో జేరనివి కొలదియే. చిన్నకణముల క్యాన్సరు నూటికి ఒకటి రెండు. మెలనోమా వేయికి ఒకటి రెండు. లింఫోమాయు, కండరపొరలో బుట్టు గిస్టును అట్లే యరుదైనవి.

ఇన్ని పేర్లేల యందురేమో! పేరు మాఱినచో చికిత్స మాఱును. పొలుసుకణముల క్యాన్సరు దూరము ప్రాకనిచో, తఱచుగ మందులును కిరణములును ఇచ్చి పిదప శస్త్రచికిత్స చేయుదురు. చిన్నకణముల క్యాన్సరు కనబడునప్పటికే తఱచు ఇతరావయవములకు బ్రాకియుండును; దానికి కత్తికన్న మందులును కిరణములును ముఖ్యము. లింఫోమాకు ప్రధానముగ మందులే. గిస్టునకు ఇమాటినిబ్ అను మాత్ర కలదు. ఈ రోగమునకు దానిని అమెరికా ప్రభుత్వము 2002లో ననుమతించెను. గిస్టు పైపొరక్రింద దాగియుండును గావున, పైపైని గిల్లిన ముక్కలో దొరకకపోవచ్చును. ధ్వనితరంగములతో జూచు ఎండోస్కోపు సాయమున సూదితో దీయవలెను. ఒకదానిని మఱియొకటిగ భ్రమించు సందర్భములలో, కణములయందలి ప్రత్యేక మాంసకృత్తులకు రంగువేసి చూచు ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ పరీక్ష సందేహమును దీర్చును.

మా రైతు ముక్క మొదట సాధారణ క్యాన్సరువలెనే తోచెను. శస్త్రచికిత్సకు దినముకూడ నిశ్చయమయ్యెను. ఇంతలో రెండవ నిపుణుడు రంగుల పరీక్ష చేయించి చిన్నకణముల క్యాన్సరని తేల్చెను. కత్తి మానిరి, మందులును కిరణములును మొదలిడిరి. గంజి త్రాగువాడు మఱల మెత్తని యన్నము దినెను. ఏడాదికి రోగము తిరుగబెట్టెను, ఆయన దక్కలేదు. కాని యా యేడాది ఇంటివారితో గూర్చుండి భుజించెను. ఫలములేని పెద్దకోత తప్పెను.

హైదరాబాదు రెడ్‌హిల్సులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి 1955లో మెహదీ నవాజ్ జంగు పేర వెలసినది; అది ప్రభుత్వమువారిది. పేదలకును దారి కలదు.

కావున నా మనవి రెండే. ముద్ద దిగుట రెండువారములు కష్టమైనచో ఎండోస్కోపీ చేయించుకొనుడు. క్యాన్సరని తేలినచో, "ఏ రకము?" అని యడుగుడు. బయాప్సీ ముక్కను మైనపు దిమ్మెలో భద్రపఱతురు. రెండవ యభిప్రాయమునకు బోవునపుడు దానిని వెంట గొనిపొండు. అడుగుటకు సంకోచింపకుడు. సెలవు.