ఇరుకైన హృదయ ద్వారం

కాలువ తూము తలుపు సగమే లేచి బిగిసిపోతే ఏమవుతుందో కృష్ణా డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దిగువ పొలాలకు నీరు చాలదు. ఎగువన నీరు నిలిచి గట్లనెక్కుతుంది. మన గుండెలోనూ ఇటువంటి తలుపులు నాలుగున్నవి. వాటిలో ఎడమవైపు పై గదికీ, క్రింది గదికీ నడుమనున్నది మైట్రల్ కవాటం. ఆరోగ్యవంతులలో దాని ద్వారం 4 నుండి 6 చదరపు సెంటీమీటర్లు. అది 1.5కు లోపలికి కుదించుకొనిపోతే, ముందుకు సాగలేని రక్తపు ఒత్తిడి ఊపిరితిత్తులమీద పడి ఆయాసం పుట్టిస్తుంది.

ఈ వ్యాధికి బీజం సాధారణంగా బాల్యంలోనే పడుతుంది. 5, 15 ఏళ్ళ మధ్య పిల్లలకు ఒకరకపు సూక్ష్మజీవుల వలన గొంతునొప్పి వచ్చి, రెండు మూడు వారాల అనంతరం జ్వరమూ, ఒక కీలు నుండి మరొక కీలుకు మారే వాపూ కలుగవచ్చు. ఇదే కీళ్ళవాత జ్వరం. కీళ్ళు నయమవుతవి, కాని జ్వరం మరల మరల వస్తే కవాటపు రెక్కలు గట్టిపడి, అంచులు అతుక్కొనిపోతవి. ఇందుకు ఏళ్ళు పడుతుంది గనుక, ఆనాటి జ్వరం చాలమందికి జ్ఞాపకమే ఉండదు.

ఈ వ్యాధి స్త్రీలలో హెచ్చు. నాట్లు వేసే ఇల్లాలు తోటివారితో సమానంగా పనిచేయలేక గట్టుమీద కూర్చుంటుంది, నీరసమంటారు. రాత్రివేళ పడుకోలేక లేచి కూర్చుంటుంది, ఉబ్బసమంటారు. దగ్గులో నెత్తుటి జీర పడుతుంది; క్షయ అని భయపడతారు. ఒక్కొక్కప్పుడు ఆ మాటలు నిజమే కావచ్చు. కాని గుండెను పరీక్షించకుండా ఆ నిర్ణయానికి రాకూడదు. గర్భిణి విషయంలో ఇది మరీ ముఖ్యం. గర్భధారణలో రక్తం పరిమాణమూ, గుండె వేగమూ పెరుగుతవి. అంతవరకు అణగివున్న వ్యాధి హఠాత్తుగా బయటపడి తల్లికీ, బిడ్డకూ ప్రాణాపాయం తేవచ్చు.

పరీక్ష కష్టమైనది కాదు. వైద్యుడు రోగిని ఎడమ ప్రక్కకు ఒత్తిగిలజేసి, గుండె కొన కొట్టుకొనే చోట స్టెతస్కోపు ఆనించి వింటాడు. మొదటి చప్పుడు గట్టిగా, ఆ వెనుక దూరపు ఉరుమువంటి మంద్రధ్వని వినవస్తుంది. నాడి క్రమం తప్పినదేమో చూస్తాడు. తప్పినచో గుండె పై గదిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ మెదడుకు పోయి పక్షవాతం కలిగించవచ్చు. ఇ.సి.జి., ఎక్స్‌రే తోడ్పడతవి. నిర్ధారణ చేసేది మాత్రం ఎకో పరీక్ష. శబ్దతరంగాలతో గుండెను చూసే ఈ విద్యకు 1953లో స్వీడన్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనేవారు అంకురార్పణ చేశారు. సూదిపోటు లేదు, నొప్పి లేదు. ద్వారమెంత ఇరుకో, రెక్కలెంత మెత్తగా ఉన్నవో తెలిసిపోతుంది.

తెలిస్తే ఉపాయమున్నది. రెక్కలు అనుకూలంగా ఉంటే, జపాను వైద్యుడు ఇనోవే 1984లో ప్రకటించిన పద్ధతిని, తొడలోని సిర గుండా బుడగను పంపి అతుకులు విడదీస్తారు; లేనిచో శస్త్రచికిత్స చేస్తారు. పేద కుటుంబాలకు ఇటువంటి చికిత్సలు అందటానికే 2007లో మన రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ ఆరంభమైనది.

కీళ్ళవాత జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకొక పెన్సిలిన్ ఇంజెక్షను, వైద్యుడు చెప్పినన్నేళ్ళు, మానకుండా ఇప్పించండి. ఆయాసమున్నదని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని, పెండ్లి కావలసిన పిల్ల జబ్బును దాచే తల్లిదండ్రులున్నారు. ఇప్పుడు దాచినది కాన్పునాడు దాగదు. ముందే చూపించండి.