రోగులను లెక్కించు విద్య

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయపు బల్లలమీద కూర్చుండి చదువుకొన్న పిల్లలలో నేనొకడను. "నీవు చదివిన చదువేదో మన పిల్లలకు బోధపడునట్లు చెప్పవలె"నని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. అది అంత సులభమైన పని కాదు. మా మేనత్తకే నేటివరకు చెప్పలేకపోతిని. "జ్వరమొస్తే నీ దగ్గరకు రాకూడదంటావు. సూది వెయ్యవు, మందివ్వవు. మరి నువ్వేం డాక్టరువిరా?" అని ఆమె అడుగుచునే యున్నది.

నా విద్య పేరు ఎపిడెమియాలజీ. వ్యాధి వ్యాప్తి శాస్త్రమని తెలుగున చెప్పుకొందము. వైద్యుడు రోగిని పరీక్షించును. మేము ఊరిని పరీక్షింతుము. రోగము ఎవరికి వచ్చినది, ఎక్కడ వచ్చినది, ఎప్పుడు వచ్చినది అని విచారింతుము. అంతకంటె ముఖ్యముగా, ఎవరికి రాలేదో వారిని గూడ విచారింతుము. రెండు గ్రామములలో పదేసి మంది జబ్బుపడినారనుకొనుడు. ఒక గ్రామ జనాభా 5000, రెండవదాని జనాభా 400. మొదటి చోట 500 మందికి ఒకరు. రెండవ చోట 40 మందికి ఒకరు. పదియను అంకె ఒకటే యైనను ఆపద ఒకటి కాదు. ఈ చిన్న భాగహారము చేయకయే కొందరు చదువుకొన్నవారు సైతము ఊళ్లకు ఊళ్లను భయపెట్టుచుందురు.

లెక్కవలన రోగికి ఒరుగునదేమని మీరడుగవచ్చును. క్షయరోగము సంగతి చూడుడు. ఒకప్పుడు క్షయకు చికిత్స యనిన శానటోరియమే. మదనపల్లె చెంత ఆరోగ్యవరములో 1915లోనే అట్టిది వెలసినది. మంచిగాలి, పుష్టికరమైన ఆహారము, నెలల తరబడి విశ్రాంతి. కాని దేశమందలి రోగులెందరు, ఉన్న పడకలెన్ని? కూలి చేసిననే గాని పొయ్యి రాజని యిల్లాలు బిడ్డలను విడిచి ఏడాదిపాటు ఎట్లు పోగలదు? మందులు వచ్చిన పిదప 1956లో మద్రాసునందొక కేంద్రము నెలకొల్పి ఈ ప్రశ్నకు సమాధానము వెదకిరి. నగరములోని పేద రోగులను రెండు జట్లుగా విభజించిరి. ఒక జట్టు శానటోరియములోను, రెండవ జట్టు తమ ఇరుకు ఇండ్లలోనే యుండియు ఏడాదిపాటు ఒకే మందులు వాడిరి. ఎవరెచ్చట నుండవలెనో వైద్యుల ఇష్టమునకు విడువక చీటీలు వేసినట్లు నిర్ణయించిరి. వైద్యులకు విడిచినచో జాలికొలది జబ్బు ముదిరినవారిని శానటోరియమునకే పంపెడివారు. అప్పుడు పోలికయే చెడిపోవును. ఫలితములు 1959లో ప్రచురింపబడినవి. మంచి తిండియు విశ్రాంతియు లేకున్నను, ఇంటనున్నవారికిని దాదాపు అంతే గుణము కనబడినది. ఇంటిలోని తక్కినవారికి అందువలన ప్రమాదము హెచ్చినట్లును కానరాలేదు. నేడు క్షయరోగి ఇంటనే యుండి మందు మ్రింగగలుగుటకు ఆ పరిశోధన యొక ముఖ్య కారణము.

ఇక నా తప్పు ఒకటి చెప్పెదను. నీటిలో ఫ్లోరైడు మితిమీరిన ఎముకలు బిగిసి నడుములు వంగిపోవునని మీరెరుగుదురు. మన దేశములో ఈ జబ్బును గూర్చిన తొలి పరిశోధనలలో ప్రసిద్ధమైనది నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో జరిగి 1937లో వెలువడినది. చదువు ముగిసిన క్రొత్తలో నేనును అట్టి యొక గ్రామమునకు పోయి, బడి ఆవరణలో బల్ల వేసికొని, వచ్చినవారినందరిని పరీక్షించి వ్రాసికొంటిని. రెండుదినములలో పని ముగిసినదని సంతోషించుచుండగా ఒక ముసలమ్మ వచ్చి, "నాయనా, లేచి రాగలిగినోళ్లను లెక్కపెట్టావు. లేవలేనోళ్లు ఇళ్లల్లో ఉంటే ఎవరు లెక్కపెడతారు?" అన్నది. ఆ కాగితములను ప్రక్కన బెట్టి మూడువారములు ఇల్లిల్లు తిరిగితిని. మొదటి లెక్కకును రెండవ లెక్కకును పొంతన లేదు. విశ్వవిద్యాలయములో ఈ దోషమునకు పెద్ద పేరున్నది. పరీక్షలో దానిని గూర్చి నేను చక్కగానే వ్రాసితిని.

ఈ విద్య నభ్యసించుటకు వైద్యులే కానక్కరలేదు. ఎం.బి.బి.ఎస్. చదివినవారు సామాజిక వైద్యములో ఎం.డి. చేయుదురు. నర్సింగు, జీవశాస్త్రము, గణాంకశాస్త్రము మున్నగునవి చదివిన పట్టభద్రులకు ఎం.పి.హెచ్. అను రెండేండ్ల చదువు కలదు. అర్హతలు విద్యాలయమును బట్టి మారును. హైదరాబాదు విశ్వవిద్యాలయములోను, తిరువనంతపురము అచ్యుత మేనోన్ కేంద్రములోను ఇది యున్నది. చెన్నైలోని జాతీయ ఎపిడెమియాలజీ సంస్థయు ఇందుకు పేరుగన్నది. ఉద్యోగములా? జిల్లాలలో వ్యాధుల నిఘా విభాగములున్నవి. 1918లో కూనూరున మొదలై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ వంటి పరిశోధనాలయములున్నవి. దాచనేల? పరిశోధనలలో పెక్కు కొలువులు ఒప్పందపు కొలువులు. పథకము ముగిసిన జీతమును ముగియును. నేను రెండుమార్లు అట్లు ఖాళీగా కూర్చుంటిని. తలిదండ్రులు ఇది తెలిసియే పిల్లలను పంపుడు.

అయినను పంపుడనియే నా మనవి. శ్రీకాకుళము జిల్లా ఉద్దానములో, కవిటి, సోంపేట ప్రాంతములలో, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ బ్రదుకు రైతులకు, కూలీలకు మూత్రపిండములు చెడిపోవుచున్నవి. పలువురికి మధుమేహము లేదు. తెలిసిన కారణమేదియు కనబడదు. నీరా, పురుగుమందులా, ఎండలో చేయు చాకిరియా, వంశములోని గుణమా, ఇవన్నియు కలసియా? ఎందరో పరిశోధించిరి, నిస్సందేహమైన సమాధానము నేటికిని రాలేదు. ఆ ఇండ్ల వాకిళ్లలో కూర్చుండి ఏమడుగవలెనో, ఎట్లడుగవలెనో పల్లెలో పెరిగిన పిల్లకు తెలిసినంతగా ఇతరులకు తెలియదు. నీళ్లు ఎక్కడివి త్రాగుదురని అడిగిన ఇంటి బావి చూపుదురు. పొలములో దప్పికైనప్పుడు త్రాగు నీటి మాట ఎవరును చెప్పరు. అది అడుగవలెనని పొలము పోయినవారికే తోచును.

నేను ఎల్లుండి ఉదయము వరకు ఊరిలోనే యుందును. రేపు సాయంకాలము ఈ గ్రంథాలయపు అరుగుమీద కూర్చుందును. లెక్కలయందు ఇష్టము గల పిల్లలు, ఆడపిల్లలు ముఖ్యముగా, తమ తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వచ్చినచో దరఖాస్తుల సంగతి, ఖర్చుల సంగతి వివరముగా మాటాడుకొందము. మా మేనత్తయు వచ్చునట. ఆమె ప్రశ్నకు ఈమారైనను జవాబు చెప్పవలసి యున్నది.