కాలికాడ గాలి
(సంఘం నెలసరి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను మాట్లాడమన్నప్పుడు డి.ఏ. బకాయిల గురించో, హెల్తు కార్డుల గురించో మాట్లాడతాననుకున్నారు. ఆ విషయాలు నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. నాకు తెలిసింది బండ్లు. 34 ఏళ్లు ప్రభుత్వ మోటారు వర్క్‌షాపులో పనిచేసి ఫోర్‌మన్‌గా రిటైరయినవాణ్ణి. అంచేత ఒక పికప్ వ్యాను క్యాబిన్‌లో వీచిన గాలి గురించి మాట్లాడతాను. పెన్షనర్ల సభలో పికప్ గొడవేమిటని నవ్వకండి. ఈ గాలి కథలో ఒక ఐదేళ్ల పిల్ల ప్రాణం ఉంది. నా తప్పు కూడా ఉంది.

మనం ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో లారీ క్యాబిన్ అంటే చెక్క, రేకు. ఇంజను డ్రైవరు పక్కనే ఉండేది. ఎండాకాలంలో డ్రైవర్లు మెడకు తడి తువ్వాలు చుట్టుకుని నడిపేవారు. గాలి అన్ని సందుల నుంచీ వచ్చేది గనుక ఎక్కడినుంచి వస్తోందని ఎవరూ అడగలేదు. ఇప్పటి క్యాబిన్లు అలా కావు. తలుపులకు రబ్బర్లు, అద్దాలకు బీడింగులు, బ్లోయర్లు, ఏసీలు వచ్చాయి. పెట్టె బిగువుగా ఉన్నప్పుడే ఒక చిన్న చిల్లికి విలువ వస్తుంది.

మధురానగర్‌లో మా ఇంటి వెనక రేకుల గదిలో ఒక పికప్ డ్రైవరు భార్యతో, కూతురితో అద్దెకుంటున్నాడు. వికారాబాద్ వైపు కుర్రవాడు. అప్పు చేసి పాత బండి కొనుక్కున్నాడు. తెల్లవారుజామున మూడింటికి లేచి చేవెళ్ల వైపు వెళ్లి, కూరగాయలు ఎక్కించుకుని ఎర్రగడ్డ రైతుబజారుకు తెస్తాడు. డిసెంబరు నెలలో ఒకనాడు నా దగ్గరకు వచ్చాడు.

"సారూ, మీరు బండ్ల డిపార్ట్‌మెంటుల జేసిండ్రట గదా. నా బండిల ఎడమ కాలికాడ సల్లగ గాలి కొడ్తున్నది. అద్దం మూస్తె కొట్టదు, తెరిస్తె కొడ్తది."

"అద్దం తెరిస్తే గాలి రాక ఏమొస్తుందయ్యా?" అన్నాను.

"అద్దంల కెల్లి కాదు సారూ, కిందికెల్లి."

నేను నవ్వేశాను. పది రోజుల తరువాత మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకో వింత చెప్పాడు. అద్దం కాస్త దించి నడిపితే తలనొప్పి వస్తోందట. మూసుకుంటే రావడం లేదట. చలిగాలి తలకు తగిలితే నొప్పి రాదా, మఫ్లర్ కట్టుకో అని చెప్పి పంపాను. పాపం, కట్టుకున్నాడు. 34 ఏళ్ల అనుభవంతో నేనిచ్చిన సలహా అది.

సంక్రాంతికి వాళ్లు ముగ్గురూ అదే బండిలో ఊరికి వెళ్లారు. పిల్లను మధ్యలో, గేరు రాడ్డు పక్కన కూర్చోబెట్టారు. మొయినాబాద్ దాటాక మర్రిచెట్ల నడుమ వెళుతుండగా పిల్ల వాంతి చేసుకుందట. తరువాత తల్లి భుజం మీద పడి నిద్రపోయిందట. చేవెళ్లలో టీకని ఆపి లేపితే ఎంతకీ లేవలేదట. బయటికి తెచ్చి గాలి తగిలేలా ఎత్తుకు తిప్పితే అరగంటకు తేరుకుందట. దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పి పోశారు.

ఈ సంగతి నాకు చెప్పింది మా ఇంటావిడ. చెబుతూ ఒక మాట అన్నది: "ఆ పిల్లకు బస్సులో ఎప్పుడూ వాంతి కాలేదట. ఈ బండి ఎక్కితేనే అవుతుందట. దిగితే బాగుంటుందట." ఎక్కితే జబ్బు, దిగితే ఆరోగ్యం అయితే, లోపం మనిషిలో ఉందా, బండిలో ఉందా? అప్పుడు నాకు కాలికాడ గాలి గుర్తుకు వచ్చింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు తెల్లవారుజామున నేనూ అతని పక్కన ఎక్కాను. చేతిలో అగరవత్తుల పెట్టె ఉంది. మూడింటికి అగరవత్తులు పట్టుకుని లారీ ఎక్కుతున్నారు, ఏం వ్రతమండీ అని మా ఇంటావిడ అడిగింది. గాలి కంటికి కనబడదు, పొగ కనబడుతుంది. గాలి ఎటు పోతోందో తెలుసుకోవడానికి ఇంతకంటె చవకైన పరికరం లేదు.

అద్దాలు మూసి, బయటిగాలి తీసుకునేలా బ్లోయరు పెట్టించాను. పొగ మెల్లగా సీటు వెనక్కు పోయింది. అది సరైన దారి. ముందు అద్దం అడుగున ఉన్న జాలీలోంచి గాలి వస్తుంది, బ్లోయరు దాన్ని కూలింగ్ కాయిలు మీదుగా లోపలికి తోస్తుంది, సీటు వెనకనున్న రబ్బరు రెక్కల గుండా అది బయటికి పోతుంది. క్యాబిన్‌లో ఒత్తిడి బయటికంటె కాస్త ఎక్కువగా ఉంటుంది గనుక సందుల్లోంచి గాలి బయటికే పోతుంది గాని లోపలికి రాదు.

తరువాత బ్లోయరు ఆపించి, డ్రైవరు అద్దం ఒక అంగుళం దించమన్నాను. బండి యాభై మీద పోతోంది. అగరవత్తి పొగ గిర్రున తిరిగి అద్దం సందులోంచి బయటికి దూకింది. వత్తిని గేరు రాడ్డు దగ్గరకు తెచ్చాను. అక్కడ పొగ ఎవరో కిందనుంచి ఊదినట్టు పైకి లేచింది.

ఫ్లిట్ కొట్టే పంపు మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. గొట్టం మూతి మీదుగా గాలిని విసురుగా తోస్తే కింద డబ్బాలోని మందు పైకి లేచి వచ్చేది. గాలి వేగంగా పోయేచోట ఒత్తిడి తగ్గడమే దానికి కారణం. బండి వేగంగా పోతున్నప్పుడు పక్క అద్దం దగ్గర జరిగేదీ అదే. కాస్త దించిన అద్దం క్యాబిన్‌లోని గాలిని బయటికి లాగుతుంది. లాగిన గాలికి బదులు గాలి ఎక్కడినుంచో రావాలి కదా! ఎక్కడ చిల్లి ఉంటే అక్కడినుంచి వస్తుంది. గేరు రాడ్డు అడుగున ఉండే రబ్బరు బూటు అతని బండిలో చిరిగిపోయి ఉంది. చలికాలంలో దానిలోంచి రోడ్డు మీది చలిగాలి వచ్చేది. అతను చెప్పిందంతా అక్షరాలా నిజం. గాలి అద్దంలోంచి రాలేదు, కిందినుంచే వచ్చింది. అద్దం మూస్తే ఆగింది.

మరి తలనొప్పి? తిరిగి వచ్చాక ఇంజను చల్లారనిచ్చి బండి కింద చూశాం. గేరు పెట్టె పక్కగా పోయే సైలెన్సరు పైపుకు ఒక జాయింటు ఉంది. దాని ప్యాకింగు కాలిపోయి, ఒక బోల్టు ఊడిపోయింది. చుట్టూ నల్లటి మసి. ఆ జాయింటుకూ చిరిగిన బూటుకూ మధ్య దూరం రెండడుగులు లేదు. అంటే మంచిగాలి కోసమని అద్దం దించినకొద్దీ అతను ఇంజను పొగను తన క్యాబిన్‌లోకి లాక్కుంటున్నాడు.

వాసన రాలేదా అని అడిగాను. "డీజిలు వాసన నాకు దినాం ఉండేదే గద సారూ" అన్నాడు. రోజూ పీల్చేవాడికి అది వాసనగా తెలియదు. అసలు భయం వాసన లేనిదానితో. కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుకంటె దానిమీద 200 రెట్లకు పైగా మక్కువ. అది చోటు ఆక్రమిస్తే ఒంటికి ప్రాణవాయువు అందదు. తలనొప్పి, వికారం, మత్తు, ఆ తరువాత స్పృహ తప్పడం. డీజిలు పొగలో అది పెట్రోలు పొగలోకంటె తక్కువే గాని లేకపోలేదు. చిన్నపిల్లలకు త్వరగా తగులుతుంది. ఆ పిల్లకు ఎంత తగిలిందో నేను కొలవలేదు. ఒకటి మాత్రం చెప్పగలను. కొత్త బూటు, కొత్త ప్యాకింగు, రెండు బోల్టులు వేయించాం. ఖర్చు అతని ఒకరోజు కిరాయిలో సగం కూడా కాలేదు. తలనొప్పి పోయింది. పిల్లకు మళ్లీ వాంతి కాలేదు.

ఈ సంగతి తెలిశాక వీధిలోవారు తమ బండ్ల వింతలన్నీ నాకు చెప్పడం మొదలుపెట్టారు. అందరికీ పనికివచ్చేవి కొన్ని చెబుతాను.

అమీర్‌పేట సిగ్నలు దగ్గర ఆగితే ఏసీ వేడిగాలి కొడుతుంది, కదిలితే చల్లబడుతుంది అంటారు. ఆగినప్పుడు కంప్రెసరు నెమ్మదిస్తుంది, ముందున్న కండెన్సరుకు ఎదురుగాలి ఉండదు. దాని ఫ్యాను తిరుగుతోందా, జాలీలో దుమ్ము పట్టిందా చూడాలి. ఒక పక్క చల్లగా, ఇంకో పక్క వెచ్చగా వస్తే గ్యాసు తగ్గి ఉండవచ్చు, లేదా లోపలి గాలితలుపు ఇరుక్కుని ఉండవచ్చు. ఎడమవైపు మ్యాటు తడిస్తే రేడియేటరు కారిందని కంగారు పడవద్దు. కూలింగ్ కాయిలు నీరు పోయే సన్నగొట్టం పూడి ఉంటుంది. వానాకాలంలో ఏసీ రంధ్రాల్లోంచి తెల్లగా వస్తే చాలావరకు అది పొగ కాదు, తేమ. అద్దాలు మసకబారితే ఏసీ వేసి బయటిగాలి మీట పెట్టాలి. లోపలిగాలినే తిప్పే మీట మీద గంటలకొద్దీ నడిపితే మనం విడిచిన గాలినే మనం పీలుస్తాం. కునుకు వస్తుంది. మధ్య మధ్య బయటిగాలిని రానివ్వాలి.

కారు ఏసీ తొలినాళ్లలో ఇంతకంటె వింతలు ఉండేవి. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1940 మోడలు కార్లకు ఏసీ పెట్టింది. దాన్ని ఆపడానికి స్విచ్చి లేదు. ఇంజను ఆపి, బానెట్ తెరిచి బెల్టు ఊడదీయవలసిందే. అక్కడినుంచి మనం చాలా దూరం వచ్చాం. 2023 డిసెంబరులో మన కేంద్ర రవాణా శాఖ ఇచ్చిన నోటిఫికేషను ప్రకారం 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే ఎన్2, ఎన్3 తరగతుల సరుకు వాహనాల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి. అంటే మొత్తం బరువు 3.5 టన్నులు దాటినవి. మంచి నిర్ణయమే. అయితే మన వీధుల్లో కూరగాయలూ, గ్యాసు సిలిండర్లూ, ఇల్లు మారేవారి సామానూ మోసే పికప్‌లలో ఎక్కువభాగం ఆ బరువుకు లోపువి. వాటికి ఆ నిబంధన వర్తించదు. మే నెల ఎండలో మన గుమ్మం ముందు ఆగే డ్రైవరుకు ఒక చెంబెడు మంచినీళ్లు ఇవ్వడానికి మనకు ఏ నోటిఫికేషనూ అక్కర్లేదు.

మీ పిల్లలకు, మనవలకు, మీ ఇంటికి వచ్చే డ్రైవర్లకు మూడు మాటలు చెప్పండి. ఒకటి, ఇంజను నడుపుతూ, అద్దాలు మూసుకుని బండిలో నిద్రపోరాదు. గ్యారేజీలో అయితే మరీ ప్రమాదం. రెండు, బండి ఎక్కితే తలనొప్పి వచ్చి దిగితే పోతుంటే దాన్ని తలనొప్పిగా చూడక బండిని మెకానిక్కుకు చూపించాలి. మనిషి స్పృహ తప్పితే వెంటనే గాలిలోకి తెచ్చి 108కి ఫోను చేయాలి. మూడు, ఏడాదికొకసారి సైలెన్సరు జాయింట్లు, గేరు బూటు, తలుపు రబ్బర్లు చూపించుకోవాలి. తలుపులో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ రబ్బరు అరిగినట్టే.

చివరగా ఒక్క మాట. మన వయసులో కారు వెనక సీట్లో కూర్చుని "కాళ్లకు చలి కొడుతోందిరా" అంటే, పిల్లలు "ఏసీ తగ్గించే ఉంది నాన్నా, నీకలా అనిపిస్తోందంతే" అంటారు. మనకు కష్టం వేస్తుంది. సరిగ్గా ఆ మాటే నేను ఆ కుర్రవాడితో అన్నాను, అదీ రెండుసార్లు. రోజుకు పది గంటలు ఆ సీట్లో కూర్చునేవాడు గాలి కిందినుంచి వస్తోందని చెబితే, ఇంట్లో కుర్చీలో కూర్చున్న నేను కాదన్నాను. వర్క్‌షాపులో ఉన్నన్నాళ్లూ డ్రైవరు ఫిర్యాదు పుస్తకం చదవనిదే బండిని ముట్టుకునేవాణ్ణి కాదు. రిటైరయ్యాక ఆ అలవాటు ఎక్కడ పోయిందో!

ఇప్పుడు ఆ పిల్ల సాయంత్రం బడినుంచి రాగానే మా వాకిట్లో ఆడుకుంటుంది. నన్ను చూస్తే "అగరవత్తుల తాత" అంటుంది. ఆ పేరుకు నేను పూర్తిగా తగను. మఫ్లర్ తాత అనాలి.